ధర చీటీ కింద దాగిన సోయా

నా భార్య రొమ్ము క్యాన్సరుకు మాత్ర మింగుతున్న ఎనిమిది నెలలూ, ఆ మాత్ర పనికి అడ్డుపడగల సోయా పొడిని రోజుకు రెండు పూటలా తాగింది. హార్మోను మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకూడదని డబ్బా మీదే రాసి ఉంది. ఆ రాత మీద ధర చీటీ అంటించి అమ్మారు. ఆ పొడిని పాలలో వేసి, ఉండ కట్టకుండా తిప్పి, ఆమె చేతికి ఇచ్చింది నేను.

జరిగిన అన్యాయం ఇంతే. నాలుగు వాక్యాల్లో సరిపోయింది. దీన్నే నాలుగు పేజీలు రాసి నలుగురికి పంపితే ఒక్కరికీ అర్థం కాలేదు కాబట్టి, ఇప్పుడు కాస్త నిదానంగా మొదటినుంచీ చెబుతాను.

మాది కదిరికి ఆటో దూరంలో ఉన్న ఊరు. వాన పడితే శెనక్కాయ వేస్తాం, పడకపోతే పడలేదని చెప్పుకుంటాం. ఆ ఏడు ఏదో కాస్త పండింది. కాయలు వలిచి బస్తాలకెత్తిన మరునాడు, పొయ్యి దగ్గర కూర్చుని నా భార్య అంది:

"ఇదో, ఈడ రొమ్ములో శెనక్కాయ బుడ్డంత గట్టిగా ఏదో ఉండాది. నొప్పేం లేదు."

"నొప్పి లేకపోతే ఎందుకు చెప్తాండావు?"

"పక్కింటామెకు కూడా నొప్పి లేకుండానే ఉండె."

పక్కింటామె పోయి అప్పటికి రెండేళ్ళు. ఎప్పటినుంచి ఉందని అడిగాను. కాయలు పీకక ముందునుంచీ ఉందట. పంట ఇంటికి చేరాక చెబుదామని ఊరుకుందట. మా ఆడవాళ్ళు ఇలాంటివారు. కూలీలు దొరకని వారంలో రోగం రాకూడదు, వచ్చినా ఓ మూల కూర్చోమంటారు.

బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఆపరేషను చేశారు, సూదులు వేశారు, రేడియేషనని కరెంటు పెట్టారు. తల మీద వెంట్రుకలన్నీ రాలిపోతే, అద్దంలో చూసుకుని, "కొండకు పోకుండానే మొక్కు తీరిపాయ, బస్సు చార్జీ మిగిల్నాది" అంది. అక్కడి నర్సులకు ఆమె అంటే ఇష్టం. నేనంటే భయం, ఎందుకంటే ప్రతి కాగితమూ చదివిగాని సంతకం పెట్టేవాణ్ణి కాదు.

అన్నీ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఈ గడ్డ ఆడ హార్మోనును తిని పెరిగే రకం. గడ్డను కోసి తీసేశాం, కానీ కంటికి కనపడని కణాలు ఎక్కడైనా మిగిలి ఉండవచ్చు. ఈ చిన్న మాత్ర ఒంట్లో ఆ హార్మోను తయారు కాకుండా చూస్తుంది. తిండి లేక అవి చస్తాయి. ఐదేళ్ళపాటు రోజుకొకటి, ఒక్కరోజు తప్పకూడదు. నాకు బాగా అర్థమైంది. చేలో కలుపు తీశాక అది మళ్ళీ మొలవకుండా మందు కొట్టడం లాంటిది. తర్వాత ఆమె నా భార్యను, "ఏం తింటున్నారమ్మా?" అని అడిగింది. "అన్నీ తింటాండా మేడం" అంది ఈమె. డాక్టరమ్మ ఏదో రాసుకుంది. బయట ఇంకొకామె, ప్రోటీను ఎక్కువగా తినాలని రాసి ఉన్న కాగితం ఇచ్చింది. ఆ 'అన్నీ'లో ఏమేమి ఉన్నాయో వాళ్ళు అడగలేదు, మేము చెప్పలేదు. ప్రోటీను అన్న మాట మాత్రం మాకంటే ముందే ఊరు చేరింది.

మా వైపు రోగిని చూడబోయేవాళ్ళు ఉత్త చేతులతో పోరు. నా చిన్నప్పుడు చీనీకాయలు, అదే బత్తాయిలు, తీసుకుపోయేవాళ్ళు, లేకపోతే బన్నులు. తర్వాత సీసాల్లో పాలపొడులు వచ్చాయి. ఇప్పుడు ప్రోటీను డబ్బాలు. మా ఇంటికి వచ్చినవన్నీ ఒకే రకం: బంగారు రంగు డబ్బా, దాని మీద నడుముకు చెయ్యి పెట్టుకుని నవ్వే ఆడమనిషి. అందరూ కదిరిలో ఒకే అంగట్లో కొన్నారు కాబట్టి అన్నీ ఒకటే. నా భార్య చెల్లెలు గుమ్మఘట్ట నుంచి వస్తూ, బస్సు దిగగానే ఆ అంగట్లోనే మూడు తెచ్చింది.

"బావా, టీవీలో చూపిస్తారే, అదే ఇది. ఆడోళ్ళకనే చేసిండేది. ఎముకలకు, నడుముకు, నిద్రకు, అన్నిటికీ ఒకటే."

"అన్నిటికీ పనిచేసే మందు దేనికీ పనిచెయ్యదు మే" అన్నాను.

"సాకు బావా, నీ మాటలు చాల్లే. అక్కా, నా ఎదురుంగా ఒక గ్లాసు తాగు."

ఇంకొక పద్ధతి కూడా ఉంది. తెచ్చినదాన్ని తెచ్చినవాళ్ళ ఎదుటే విప్పి తాగాలి. పోయాక కూడా ఊరుకోరు, ఫోను చేసి "మేం తెచ్చింది తాగతాండావా?" అని అడుగుతారు. మరదలు రోజూ సాయంత్రం అడిగేది. తడిసిన గోనెసంచి వాసన వస్తుందని నా భార్య ముక్కు మూసుకుని తాగేది, చెల్లెలికి అబద్ధం చెప్పలేక. వీటన్నిటికంటే పెద్ద మర్యాద మరొకటి: ఇచ్చినవాళ్ళ ముందు డబ్బాను తిప్పి చూడకూడదు. తిప్పితే ధర చూస్తున్నామనుకుంటారు. వాళ్ళు పోయాక డబ్బా మూత విప్పి ఉంటుంది, చెంచా లోపల ఉంటుంది, ఇక దాని వీపు చూసేవాళ్ళెవరు?

ఈ మాట నాలాంటివాడు చెప్పుకోవలసి రావడం సిగ్గుచేటు. ఎందుకో వినండి. నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఆ బడిలో కరువు రోజుల్లో మధ్యాహ్నం పసుపు రంగు పిండితో ఉప్మా చేసి పెట్టేవాళ్ళు. ఎక్కడో దేశం నుంచి వచ్చిన సంచులు. వాటి మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కోవడమే నా మొదటి ఇంగ్లీషు పాఠం. ఆ సంచి మీద ఉన్న ఒక మాట సోయా అని చాలా ఏళ్ళకు తెలిసింది. అప్పుడూ ఏం తింటున్నామో ఎవరూ చెప్పలేదు, మేము ఆకలి మీద ఉన్నాం కాబట్టి అడగలేదు. రెండో పాఠం పురుగుమందు డబ్బాల మీద నేర్చుకున్నాను. ఒక ఏడు శెనక్కాయకు ఎర్రగొంగళి పురుగు పడితే, అంగడాయన గడువు దాటిన మందు అంటగట్టాడు. కొట్టిన చేలోనే పురుగులు ఊరేగింపు తీశాయి. ఆ రోజునుంచి లేబులు చదవకుండా నేను ఏదీ ఇంట్లోకి రానివ్వను. అగ్గిపెట్టె కూడా తిప్పి చూస్తానని ఊళ్ళో నవ్వుతారు. అలాంటివాణ్ణి, ఇంటి మనిషి నోట్లోకి పోయేదాన్ని మర్యాద కోసం చదవలేదు.

ఎలా బయటపడిందంటే, కారం వల్ల. ఎండాకాలంలో మిరపకాయలు దంచి ఏడాదికి సరిపడా కారం పట్టి పెట్టుకుంటాం. ఖాళీ అయిన ఆ బంగారు డబ్బాలను నా భార్య అందుకోసమే అటక మీద పేర్చి ఉంచింది. మంచి డబ్బాలు, మూత గట్టిది, చీమ దూరదు. కారం పట్టించే రోజున అన్నిటినీ దించి, పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి, చీటీలు ఊడిరావడానికి నానబెట్టింది.

"ఇదో, ఈ తెల్ల చీటీ గీకి ఇయ్యి, నా గోర్లు మెత్తబడినాయి" అంది. సూదులు వేయించుకున్నప్పటినుంచి ఆమె గోళ్ళు అలాగే ఉన్నాయి.

గీకాను. ధర చీటీ వెన్నలా ఊడొచ్చింది. దాని కింద చీమ కాళ్ళంత ఇంగ్లీషు అక్షరాలు. నా దగ్గర విత్తనాల్లో పుచ్చు చూసుకునే భూతద్దం ఒకటి ఉంది. తెచ్చి చదివాను. ఇందులో సోయా ఐసోఫ్లేవోనులు అదనంగా కలిపామని ఒక వరుస. హార్మోనుతో పెరిగే క్యాన్సరు ఉన్నవాళ్ళు, హార్మోను మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదని ఇంకొక వరుస. ఇంకొక డబ్బా గీకాను. అదే. మూడోది గీకాను. అన్ని చీటీలూ సరిగ్గా అక్కడే, కొలిచి అంటించినట్టు.

"ఏం రాసుండాది?" అంది.

"చదువుతాండా."

"ఎంతసేపు చదువుతావు, అది రెండు వరుసలే గదా."

నిజమే, రెండు వరుసలే. కానీ ఆ రోజు నేను వాటిని సాయంత్రం దాకా చదివాను.

ఐసోఫ్లేవోను అన్న మాట నా డిక్షనరీలో లేదు. అది అచ్చయినప్పటికి ఈ డబ్బాలు పుట్టలేదు. ఫోనులో వెతికాను. పదిహేను రోజులు అదే పని. తెలిసినంతవరకు చెబుతాను, తప్పుంటే చదువుకున్నవాళ్ళు దిద్దండి. అది సోయా గింజలో ఉండే ఒక పదార్థం. చూడ్డానికి ఆడ హార్మోనులా ఉంటుంది. ఒంట్లో ఆ హార్మోను కూర్చునే పీట మీద ఇదీ కూర్చోగలదు. మాత్ర అసలు హార్మోనును తగ్గించి కణాలను పస్తు పెడుతుంటే, ఈ నకిలీది పోయి వాటికి కాస్త గంజి పోయవచ్చు. గిన్నెల్లో పెంచిన కణాల మీద, ఎలుకల మీద చేసిన పరీక్షల్లో, కొన్నిసార్లు మాత్ర పని మందగించిందట. మనుషుల్లో మాత్రం కూరలో వండుకునే సోయా వల్ల చెడు కనపడలేదని, పైగా మంచిదే కావచ్చని ఒకచోట. గాఢంగా తీసి డబ్బాల్లో నింపినదాని సంగతి తెలియదని, దూరంగా ఉండడం మేలని ఇంకొకచోట. ఇంతమంది ఇంత చదివి చివరికి 'తెలియదు' అని రాస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

మందుకు లొంగకపోవడం అంటే ఏమిటో మాకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఒకే మందును చాలీచాలకుండా కొడుతూ పోతే, చావని పురుగులు నాలుగు మిగులుతాయి. వాటి పిల్లలకు ఆ మందు మజ్జిగతో సమానం. తర్వాత డ్రమ్ములు గుమ్మరించినా ఆకు మిగలదు. అలాంటి చేను నేను చూశాను, అది నాదే. నా భార్య ఒంట్లో అలాంటి పురుగు ఒక్కటి మిగిలి, నేను కలిపిచ్చిన పాలు తాగి మొండికేసి ఉంటే? నాకు కావలసిన జవాబు అదొక్కటే. ఆ ఎనిమిది నెలలూ మాత్ర పనిచేసిందా, లేదా?

ఆ మొదటి రాత్రే, ఫోనులో కొంత చదివాక, ఆమెకు చెప్పకుండా ఉండలేకపోయాను. అంతా విని అడిగింది:

"అయితే ఇన్ని దినాలు మాత్ర మింగింది బూడిదలో పోసిన పన్నీరేనా?"

"అట్లని రాయలేదు."

"ఏమని రాసినారు మరి?"

"కావచ్చు, కాకపోవచ్చు అని."

"దానికి ఇంత చదువెందుకు? మన వానకు గూడా టీవీలో అట్లనే చెప్తారు."

లేచి, ఆ పూట గ్లాసు తీసుకుపోయి కరివేపాకు చెట్టుకు పోసింది. ఏడవలేదు. పీడ వదిలిందన్నట్టు మొహం పెట్టింది. ఆ వాసన ఎలాగూ పడదు కదా. చెల్లెలికి ఫోను చేసి, "నీ గోనెసంచి నీళ్ళు నిలిపేసినా, మీ బావ లేబులు చదివినాడు" అని చెప్పింది. అటువైపునుంచి మరదలు ఏడ్చినట్టుంది, ఈమె చాలాసేపు ఓదార్చింది. రోగిష్టిది ఎవరో తెలియలేదు.

నేను మాత్రం ఆ కోపంలో హద్దు దాటాను. ఆ నకిలీ హార్మోను లాంటివి ఇంకా వేటిలో ఉంటాయో వెతికి జాబితా రాశాను. మీల్ మేకరు సరే, అవిసెలు, నువ్వులు, శెనగలు, చివరికి శెనక్కాయల్లో కూడా ఏ కొసరో ఉంటుందని ఎక్కడో చదివి, వాటినీ మాన్పించాను. బొరుగుల ఉగ్గానిలోకి పప్పుల పొడి లేదు, రాగి ముద్దలోకి శెనక్కాయల ఊరుబిండి లేదు. అనంతపురం జిల్లాలో ఇంటావిడకు శెనక్కాయ మాన్పించిన మొగుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదో రోజు వాకిట్లో చేట ముందు పెట్టుకుని, నేను చూస్తుండగానే కాయలు ఒలుచుకుని తింటూ కూర్చుంది.

"రోగమొచ్చి చస్తానో లేదో తెల్దు గాని, ఈ ముద్ద ఉత్తగా తింటే మాత్రం చస్తా. నీ కాగితం తీసి ఆడ పెట్టు" అంది.

తీసి పెట్టాను. ఆసుపత్రికి ఫోను చేస్తే ఒక నర్సు కూడా నవ్వి, ఇంటి తిండి మానొద్దంది. ఆ గొడవ అంతటితో తీరిపోయింది. డబ్బా గొడవ తీరలేదు.

నానిన చీటీ, భూతద్దం, ఒక నిండు డబ్బా సంచిలో వేసుకుని కదిరి అంగడికి పోయాను. అంగడాయన తండ్రి కాలంనుంచి తెలిసినవాడు, మెత్తని మనిషి.

"కూచోండి పెద్దాయనా. అమ్మకు ఎట్లుండాది?"

"కూచోడానికి రాలేదప్పా. ఈ చీటీ ఎవరంటించినారు?"

"పైనుంచే అట్లొస్తాయి. మేము తుడిచి పెట్టుకునేదే."

"దీని కింద ఏం రాసుండాదో ఎప్పుడన్నా చూసినావా?"

"చీటీ కింద ఉండేది నాకెట్ల కనపడతాది పెద్దాయనా?"

"నాకూ కనపడలేదు. అందుకే వచ్చినా."

పక్కన బెల్లం తూకం వేయించుకుంటున్న ఒకాయన, "ఏం తాతా, డబ్బాకు గూడా ముసుగు తీసి మొగం చూస్తావా, పెండ్లి చూపులా?" అన్నాడు. "చూసింటే బాగుండు నాయనా, చూడకనే కాపురానికి తెచ్చుకున్న్యాం" అన్నాను. అంగట్లో అందరూ నవ్వారు. అంగడాయన నవ్వలేదు. చెంబుతో నీళ్ళు తెప్పించి, షెల్ఫులోని ఒక డబ్బా తనే తడిపి, తనే గీకాడు. అద్దం ఇచ్చాను. పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు.

"మా యమ్మ గూడా ఇదే తాగతాంది. ఆయమ్మకు గడ్డ కోసి మూడేండ్లు" అన్నాడు.

ఆ మాటతో, దారి పొడుగునా నేను కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తిట్టడానికి పోతే ఆయన మాకంటే ముందునుంచీ దెబ్బ తింటున్నవాడు. ఉన్న డబ్బాలన్నీ దించి బల్ల కిందికి తోయించాడు. కంపెనీ చిరునామా రాసి ఇచ్చి, "నా పేరు గూడా రాయండి పెద్దాయనా, ఇద్దరిదీ రాయండి" అన్నాడు.

ఇంటికొచ్చి నిండు డబ్బాలు లెక్క చూస్తే రెండు తక్కువ.

"రెండు డబ్బాలు యాడ?"

"ఆసుపత్రిలో కలిసిండె చూడు, బెళుగుప్ప ఊరి పిల్ల. పోయిన తడవ ఆ పిల్లకిచ్చినా. పాపం, సన్నగుండె."

ఆ అమ్మాయిది కూడా ఇదే జబ్బు, హార్మోను మాత్రే. మరునాడే బస్సెక్కాను. అనంతపురం, కళ్యాణదుర్గం మీదుగా పోయి దిగేసరికి మధ్యాహ్నమైంది. ఇల్లు వెతుక్కుని పోతే, అరుగు మీద ఆ అమ్మాయి అత్త బియ్యం ఏరుతూ ఉంది. వచ్చిన పని చెప్పాను.

"ఇచ్చినదాన్ని ఎనక్కి అడిగే మనిషిని ఇప్పుడే చూస్తాండాను. మా కోడలు బలం పట్టేది నీకేం నొప్పప్పా?"

"అది కాదమ్మా. ఆ పొడి తాగితే లోపల పురుగు మొండికేస్తాది."

"పురుగు పడినాదా? పడితే పడనీ, జల్లెడ పట్టుకుంటాం."

మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. పీట, నకిలీ హార్మోను, గంజి, అన్నీ. నా గొంతు విని ఆ అమ్మాయి లోపలినుంచి వచ్చింది. కొంగుతో నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటోంది.

"నేను ఒక్క చెంచా గూడా తాగలేదు తాతా. వాసన పడలే. మా అత్తనే తాగతాంది, రెండు పూటలా."

అత్త చేటలోంచి తల ఎత్తలేదు. "నడుం నొప్పికి" అంది. ఒక మట్టిబెడ్డ ఏరి పారేసి, "నాకేం క్యాన్సరు లేదు గదా" అంది. ఒక డబ్బా వెనక్కి ఇచ్చింది, విప్పినది ఇవ్వలేదు. అన్నం తినకుండా పోనివ్వలేదు. నేను తింటున్నంతసేపూ ఆ కోడలు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, ఏం తినకూడదు అని నన్ను డాక్టరునడిగినట్టు అడిగింది. నాకు తెలిసినవి చెప్పి, తెలియనివి తెలియవన్నాను. ఆ మాట అంటున్నప్పుడే, పదిహేను రోజులుగా నేను ఎవరి మీద మండిపడుతున్నానో వాళ్ళూ ఇదే అన్నారు కదా అనిపించింది. అయినా కోపం పోలేదు. తెలియదన్నవాళ్ళ మీదనుంచి చీటీ అంటించినవాళ్ళ మీదికి మళ్ళింది, అంతే.

కంపెనీకి ఫోను చేశాను. తెలుగుకు రెండు నొక్కమంది, నొక్కాను. మీ కాల్ మాకు ముఖ్యమంది, సంగీతం వేసింది. చివరికి ఒక అమ్మాయి వచ్చి, నేను చెప్పినదంతా విని, "సార్, మీకు ఏ ఫ్లేవర్ కావాలి?" అంది. ఫోను పెట్టేసి ఉత్తరం రాశాను. చీటీని ఎండబెట్టి, నకలు తీయించి జత చేశాను. అంగడాయన సంతకం కూడా పెట్టాడు. నెల తర్వాత ఒక పార్సిలు వచ్చింది. అందులో నా ఆరోగ్యం బాగుండాలని కోరుతూ రంగుల కార్డు, ఉచితంగా ఒక కొత్త డబ్బా. తిప్పి చూశాను. చీటీ అక్కడే ఉంది.

"ఇంకొక నాలుగు ఉత్తరాలు రాయి" అంది నా భార్య, మూత తిప్పి చూస్తూ. "ఊరగాయకు గూడా డబ్బాలు కావల్ల."

ఆ చీటీ గురించి అధికారులకు పంపిన అర్జీ ఇప్పటికీ నడుస్తోంది. నేనూ నడుస్తున్నాను.

ఆసుపత్రిలో చూపించుకోవలసిన తేదీ వచ్చింది. ఈసారి డబ్బాను కూడా తీసుకుపోయాను. గది బయట ఊరంత జనం. లోపల మాకు దొరికింది కాసేపే. డాక్టరమ్మ డబ్బా తిప్పి, నేను గీకిన చోట చదివి, "ఎన్నాళ్ళు తాగారు?" అని అడిగింది. చెప్పాను. ఆమె కనుబొమలు దగ్గరికి రావడం చూశాను. నా ప్రశ్నలు మొదలుపెడితే, చెయ్యెత్తి ఆపింది.

"పెద్దాయనా, బయట ఇంతమంది ఉన్నారు. రాసి ఇవ్వండి. స్కాను, రక్తం రిపోర్టులు వచ్చాక రెండూ చూసి జవాబిస్తాను."

తప్పించుకుంటోందని అనుకున్నాను. వరండాలో కూర్చుని, తొడ మీద కాగితం పెట్టుకుని, మూడు ప్రశ్నలు రాశాను. ఒకటి, ఆ ఎనిమిది నెలలూ మాత్ర పనిచేసిందా లేదా? రెండు, లోపల మళ్ళీ ఏమైనా మొలిచిందా? మూడు, కలిపి ఇచ్చింది నేను కాబట్టి ఇందులో నా తప్పు ఎంత? నా భార్య మూడో ప్రశ్న చదవమంది. చదివాను. "అది కొట్టెయ్యి" అంది. కొట్టెయ్యలేదు.

తర్వాత ఎదురుచూడడం. ఆ రోజుల్లో నాకు తిండి సయించలేదు. ఆమె మాత్రం రోజూ అన్నం తిన్నాక మాత్ర వేసుకుని, నోరు తెరిచి చూపించి, "పోయినాది" అనేది, పసిపిల్లలా. ఒకరోజు పొయ్యి ఊదుతూ అంది:

"నువ్వు ఇంత కోపం జేసుకుంటాండావు గదా, అది నాకు మేలే అయినాది."

"ఏం మేలు?"

"ఇంట్లో ఒకరు కోపంగా ఉంటే ఇంకొకరు వంట చెయ్యల్ల. నాకు భయపడేకి తీరిక ల్యాకపాయ."

ఆమెకూ భయముందని మాటల్లో తెలిసింది అప్పుడొక్కసారే. నేను పుల్లలు ఎగదోశాను.

తపాలా ఆయన ఒకరోజు మధ్యాహ్నం కవరు తెచ్చాడు. సంతకం పెట్టించుకుని, "ఈసారి డబ్బా కాదన్నా, పల్చగుండాది" అన్నాడు. లోపల రిపోర్టుల నకళ్ళు, వాటి వెనుక చేత్తో రాసిన ఒక కాగితం. తెలుగే. అక్షరాలు కొద్దిగా వంకర, చాలా కాలానికి తెలుగు రాసినట్టు. నా భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది. గట్టిగా చదివాను:

"పెద్దాయన గారికి నమస్కారం. ఆలస్యమైంది, క్షమించండి. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు, తెలియదు. ఆ పొడిలోని పదార్థం మాత్ర పనిని తగ్గించవచ్చని ఎలుకల్లో చూశారు. మనుషుల్లో తగ్గిస్తుందని గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు, తగ్గించదని చెప్పడానికీ లేదు. అందుకే ఇంటి వంటలోని సోయాకు మేము భయపడం, ఇలాంటి డబ్బాలను వద్దంటాం. రెండో ప్రశ్న. స్కానులోనూ రక్తంలోనూ జబ్బు తిరిగి వచ్చిన గుర్తు ఏదీ లేదు. ఇది ఈ రోజుకు నేను చెప్పగలిగిన మాట, ముందు రోజులకు పూచీ కాదు. మాత్ర మానవద్దు. మూడో ప్రశ్న. నేను 'ఏం తింటున్నారు' అని అడిగాను, ఆవిడ 'అన్నీ' అన్నారు, నేను అదే రాసుకున్నాను. అడగవలసిన రెండో మాట నేను అడగలేదు. తప్పు పంచదలిస్తే ముందు నా వాటా తీయండి, తర్వాత చీటీ అంటించినవాళ్ళది. మీ దాకా వచ్చేసరికి ఏమీ మిగలదు. ఇప్పుడు మా గదిలో ప్రతి ఒక్కరినీ, పొడులు, డబ్బాలు, నాటుమందులు ఏమైనా వాడుతున్నారా అని పేరు పేరునా అడుగుతున్నాం. నిన్న అడిగితే ముగ్గురు అవునన్నారు. ఆరు నెలల తర్వాత ఆవిడను మళ్ళీ తీసుకురండి."